అమ్మ గోరీ మీది దుంపలు

సెప్టెంబర్ 28

జీలం నది గట్టు మళ్లీ విరిగింది. ఈసారి నీళ్లు అమ్మ గోరీ అంచుదాకా కోసేశాయి. తమ్ముడు ఫోన్ చేసి, పైనున్న ఐరిస్ పూల దుంపలైనా తీసుకుపో అక్కా, రేపటికి అవీ ఉండవు అన్నాడు. వెళ్లి గోనెసంచి నిండా తవ్వి తెచ్చాను.

పెరట్లో నాటుతుంటే అత్త గుమ్మంలోంచి చూసింది. గోరీల మీది పువ్వు ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారటే జూనా, నన్ను పంపేయడానికి అంత తొందరగా ఉందా అంది. ఈ చలికాలం దాటనని ఏటా అనే మాటే. దగ్గు మాత్రం ఈసారి నిజంగానే ముదిరింది.

నాటేశాను. అమ్మ గుర్తుగా మిగిలినవి ఇవే. బతికించుకుంటాను, అంతే.

అక్టోబర్ 19

ఆకులు జానెడు ఉంచి విసనకర్రలా కత్తిరించాను. ఎండిపోయినవి ఏరి పారేశాను, వాటిలోనే పురుగు గుడ్లు పెడుతుంది. దుంపల వీపు ఎండకి కనపడుతూ ఉండాలి. లాగి చూశాను, కదల్లేదు. వేళ్లు పట్టుకున్నాయి. నా చేయి పడ్డాక ఏ మొక్క చచ్చింది గనక!

పాపం, ఒంటి మీద గుడ్డపేలిక కూడా లేకుండా వదిలేశావేంటే అంది అత్త. వాటి సంగతి మీకెందుకు అన్నాను. అవునులే, నాకెందుకు అంటూ లోపలికి వెళ్లిపోయింది.

నవంబర్ 14

ఒళ్లు మండిపోయింది. వారం రోజుల వాన తెరిపిచ్చాక పొద్దున చూస్తే దుంపల మీద మోకాలెత్తు చినార్ ఆకులు. అన్నాళ్ల వానకి తడిసి ముద్దయ్యాయి. తీసేసరికి ఒక దుంప మెత్తబడి కంపు కొడుతోంది. కావాలనే చంపుతున్నారని అత్త మీదికి వెళ్లాను. నోటికొచ్చిందల్లా అన్నాను.

ఆవిడ పొడుగు ఫేరన్ అంగీ లోపల కాంగ్డీ నిప్పుకుంపటిని పొట్టకి హత్తుకుని కూర్చుంది. అందులో నిప్పు లేదు. అప్పుడు చూశాను, బొగ్గు కాల్చుకుందామని తను ఏరి దాచుకున్న ఆకుల బస్తాలన్నీ ఖాళీ. చలికాలమంతా వెచ్చగా ఉంచే బొగ్గు! మీ అమ్మకి చలేస్తుందని కప్పానే అంది.

సిగ్గేసింది. ముందు నా కాంగ్డీ ఆవిడ ఒళ్లో పెట్టాను. తర్వాత కుళ్లినంత మేరా కోసేసి పొయ్యి బూడిద అద్దాను. ఆకులు అరుగు మీద ఆరబోశాను.

నవంబర్ 17

దుంప కోసిన చోటు ఆరింది. ఇక టెన్షన్ లేదు.

డిసెంబర్ 12

నేల రాయిలా గడ్డకట్టింది. కప్పాల్సింది ఇప్పుడు. ముందే కప్పితే కుళ్లిపోతాయి, అసలు కప్పకపోతే నేల కరిగి మళ్లీ గట్టిపడినప్పుడల్లా దుంపలు పైకి తన్నుకొస్తాయి. పొడి వరిగడ్డి పల్చగా పరిచాను. అత్త పక్కనే పీట వేసుకుని, ఇక్కడ తక్కువైంది, అక్కడ ఎక్కువైంది అంటూ ఒకటే పెత్తనం. సరే అత్తయ్యా, సరే అన్నాను. ఆవిడ కాంగ్డీలో ఆ ఆకుల బొగ్గే ఎర్రగా కాలుతోంది.

డిసెంబర్ 22

మంచు. పెరడు కనపడటం లేదు.

ఏం రంగే అవి అంది అత్త. ఊదావీ ఉన్నాయి, తెల్లవీ ఉన్నాయి, ఏది ఎక్కడ నాటానో నాకే గుర్తులేదు, ఏప్రిల్ దాకా ఉండి చూడండి అన్నాను.

దగ్గు ఆగాక, సరే, ఉంటాలే అంది.