వంకర గీత

మదనపల్లె,
12 ఫిబ్రవరి 1947

దెబోరా చెల్లీ,

సోమవారం కుప్పంలో బెంగుళూరు రైలెక్కి నా వ్యాసాన్ని పత్రికవాళ్ళకు ఇస్తానన్నావు కదా, ఉన్నదున్నట్టు ఇవ్వకు. అందులో నేనొక తప్పు చేశాను.

సురేకారం లాంటి రెండు ఉప్పులను కరిగించి కలిపితే కరెంటు ఎంత పారుతుందో ముందే చెప్పే లెక్క నాది. సగం సగం కలిపినప్పుడు కొలత లెక్క కన్నా తగ్గింది. ఐదుసార్లూ తగ్గింది. నా చేతినే అనుమానించి, ఆ కొలతను వదిలేసి వ్యాసంలోని గ్రాఫులో గీతను తిన్నగా గీశాను.

నిన్న పుంగనూరు సంత దారిలో గొర్రెలూ ఆవులూ కలిసిపోయి మా బస్సు ఆగింది. విడివిడిగా తోలితే ఈపాటికి దాటేవి కదా అని, మందతో ఉన్న కెంపమ్మ అనే ఆవిడ మీద కిటికీలోంచి విసుక్కున్నాను.

"కలిస్తే యాడ పోతాయమ్మా? దాని కాళ్ళకి ఇది అడ్డం, దీని కాళ్ళకి అది అడ్డం. సదువుకున్నోళ్ళకి ఇది తెల్దా?" అంది.

బస్సంతా చూసేలా నవ్వేశాను. కరిగిన ఉప్పులో రేణువులూ ఇలాగే అడ్డుపడుతున్నాయేమో! అవునో కాదో ఇంకా తెలియదు. కొలత మాత్రం నిజం.

వంకర గీత ఉన్న కాగితం ఇందులో పెట్టాను. పాతది చించేసి దీన్ని చేర్చి ఇవ్వు. తిప్పి పంపితే పంపనీ. ఈసారి నా అనుమానం లెక్క మీదే, నా చేతి మీద కాదు.

నీ అక్క