మీ అమ్మ వేసిన సొట్ట

అమ్మా ఈశ్‌బెల్, నేను బతికే ఉన్నాను, నడుమే ముందు పోయింది.

మన విస్కీ కార్ఖానాలో పాత రాగి బట్టీ అరిగిపోయింది. దాని సొట్టలన్నీ కొత్తదానికీ కొట్టకపోతే రుచి మారుతుందని మనవాళ్ల పట్టు తెలుసుగా. పొద్దుటినుంచీ కంచరి డూగల్‌కి ఒక్కొక్కటే చూపించి అలిసిపోయాను. పెళ్లయిన కొత్తలో మీ అమ్మ నా మీదికి ఇనప కెటిల్ విసిరి, గురి తప్పి పాత బట్టీకి వేసిన సొట్ట దగ్గర వాడు ఆగాడు.

"ఇంత చిన్నదానికి రుచేం మారుతుంది తాతా, వదిలేద్దాం."

"ఇంట్లో తిట్టే మనిషి ఎలాగూ లేదు. ఇదీ పోతే నేనెక్కడికి పోనురా? కొట్టు."

కొట్టాడు. బొటనవేలు పెట్టి చూశాను, సరిగ్గా పట్టింది.

ఉన్ని మేజోళ్లు పంపు. చంటిదాని దగ్గు తగ్గిందా? అందరూ చల్లగా ఉండండి. ఆ కెటిల్ నీ దగ్గరే ఉందిగా, అల్లుణ్ణి కాస్త ఎడంగా కూర్చోమను.

మీ నాన్న