పైలట్ కొలతలు

చిరంజీవి బావమరిదికి మీ బావ దీవెనలు.

ఇక్కడ అంతా క్షేమం, నా కటింగు బల్ల తప్ప. దాని మీద ఇప్పుడు విమానం ఎడమ రెక్క ఉంది. నిజం విమానమే, ఒక సీటుది. చెక్కపెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. పుస్తకం చూసి మనమే బిగించుకోవాలి. రెక్కలకు గుడ్డ తొడిగి కుట్టాలని చదివాక, ఈ పని నాలాంటి లేడీస్ టైలరు కోసమే పుట్టిందని తేలిపోయింది.

పెట్టెలు దింపుతుంటే ఎదురుగా రెడీమేడ్ బట్టల షాపువాడు, అదే మన రెడీమేడు, చూశాడు. కాజాలు తీసేవాడికి గాలిలో ఏం పని అని నలుగురిలో నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ‘ఈ షాపులో కుట్టిన విమానం మన షాపు వార్షికోత్సవం నాడు ఎదురు షాపు కప్పు మీదుగా ఎగురును’ అని బోర్డు రాసి వేలాడదీశాను. ఎగరకపోతే మా నాన్న పెట్టిన షాపు బోర్డు దింపేసి, వాడి దగ్గర ప్యాంట్ల కాళ్లు మడిచి కుట్టే పనికి చేరతానని కూడా అనేశాను.

ఒకటే సందేహం. రెక్కల గుడ్డ వదులుగా ఊగుతోంది. రేపు పెరిగితే విప్పుకోవచ్చని అలవాటు కొద్దీ అన్ని వైపులా అంగుళం వదిలాను. నీది ఎగరడం నేర్పే ఉద్యోగం కాబట్టి అడుగుతున్నాను, నాకు తెలియక కాదు. ఫొటో జత చేశాను.

ఇట్లు, మీ బావ

తా.క.: తమ్ముడూ, ఈయన ఉత్తరాలు పోస్టు చేసేది నేనే కాబట్టి ఓ ముక్క రాస్తున్నాను. భోజనాల బల్ల మీద కుడి రెక్క ఉంది. నిలబడి తింటున్నాం. — అక్క

*

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

విమానం పసిపిల్ల కాదు బావగారూ, పెరగదు. ఆ అంగుళాలన్నీ కత్తిరించి గుడ్డను గట్టిగా లాగి బిగించండి.

రెండో మాట. పుస్తకం చదివి ఎగరడమంటే, పుస్తకం చదివి బావిలో దూకడమే. ఇక్కడికి వచ్చి నా దగ్గర నేర్చుకోండి. బావగారన్న మొహమాటం పెట్టుకోకుండా తిడతాను. లైసెన్సు చేతికి వచ్చేదాకా నేల వదలకండి. మీకేమైనా అయితే ఏడ్చేది మా అక్క, ఆ రెడీమేడు కాదు.

మీ బావమరిది

తా.క.: ఫొటోలో తోకకు జేబు కనబడుతోంది. విప్పేయండి.

*

బావమరిదికి,

జేబు విప్పాను. అందంగా ఉండేది. నీకు కళాదృష్టి లేదు.

నేర్చుకోవడానికి రమ్మన్నావు. ఎలా వస్తాను? బడులు తెరిచే సీజను, యూనిఫారాలు గుట్టలు పడి ఉన్నాయి. అందుకని నా బదులు మీ అక్కను పంపుతున్నాను. నువ్వు చెప్పేదంతా తను నేర్చుకుని వచ్చి నాకు అప్పజెబుతుంది. తనకిక్కడ పనేముంది కనక? వంట, షాపు ఊడవడం, కాజాలు, గుండీలు, విమానానికి బోల్టులు బిగించడం, అంతే.

విమానం పని మాత్రం దివ్యంగా సాగుతోంది. పైలట్‌ను సీట్లో కూర్చోబెట్టి కాళ్ల కింది పెడళ్లు, చేతి కర్ర సరిచూసుకోమనీ, బరువు ఒక పక్కకు మొగ్గకుండా బ్యాటరీ జరుపుకోమనీ పుస్తకంలో ఉంది. పొల్లు పోకుండా చేశాను. ఒంటికి అతికినట్టు కుదిరింది. కొలత తీసుకోవడం నాకొకరు నేర్పాలా?

ఇట్లు, మీ బావ

తా.క.: మోకాళ్లు పట్టేశాయి తమ్ముడూ. పొద్దుటి నుంచి ‘కదలకు, కదలకు’ అని ఒకటే కేక. నీ దగ్గరికొచ్చి కాస్త కదులుతాను. — అక్క

*

బావగారికి నమస్కారాలు.

అక్క క్షేమంగా చేరింది. మొదటి రోజు మీ కోసం రాసుకుంటానని కలం, కాగితాలు పట్టుకుని ఎక్కింది. గాలిలో రాస్తే కడుపులో తిప్పుతోందని మర్నాడు అవి పక్కన పడేసి కర్ర పట్టుకుంది. ఇప్పుడు నేను చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను. పరీక్ష కూడా పాసయింది. లైసెన్సు ఆమె పేరునే ఇచ్చారు. మా ఆయన పేరున ఇవ్వండి అని అడిగింది గానీ, వాళ్లు ఒప్పుకోలేదు.

తను మీకు ఎంత బాగా అప్పజెప్పినా, మీరు విడిగా వచ్చి నేర్చుకోక తప్పదు. కోపగించుకోకండి.

మీ బావమరిది

తా.క.: దిగేటప్పుడు విమానం ఊగితే అక్క ‘కదలకు’ అని గదమాయిస్తోంది. అది నిజంగానే ఊగడం మానేస్తోంది.

*

బావమరిదికి,

మీ అక్క వచ్చి అంతా అప్పజెప్పింది. నేను తల ఊపాను. ఊరి చివర మైదానానికి విమానాన్ని తీసుకెళ్లి కూర్చున్నాను. కూర్చున్నాననడం కూడా అబద్ధమే, ఇరుక్కున్నాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కర్ర లాగితే పొట్టలో గుచ్చుకుంది. ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తించినా ముందు చక్రం నేల వదల్లేదు. మేస్తున్న మేకలు కనీసం పక్కకు తప్పుకోలేదు.

కంపెనీవాడు పొట్టి ముక్కలు పంపి మోసం చేశాడు. లేదంటే, నేను నీకన్నా పైకి పోతానని నువ్వే కావాలని తప్పు నేర్పి పంపావు. రెండిట్లో ఏదో రాయి.

రెడీమేడు నా కోసం ఒక స్టూలు, సూదీ దారం సిద్ధం చేశాడట. నెలాఖరు ఆదివారమే వార్షికోత్సవం. బావమరిదీ, నవ్వకు. ఆ బోర్డు మా నాన్న నిచ్చెనెక్కి తన చేత్తో కట్టింది. దాన్ని నేను దింపాల్సి వస్తుందేమోనని నిజంగా భయంగా ఉంది.

ఇట్లు, మీ బావ

తా.క.: ఈయన టీ తాగడానికి వెళ్లినప్పుడు, ఇంజను ఆగిపోకుండా చూద్దామని నేను కాసేపు కూర్చున్నాను. మేకలు తప్పుకున్నాయి. అంతకన్నా రాయను. — అక్క

*

బావగారికి నమస్కారాలు.

కంపెనీ మోసం చేయలేదు, నేనూ చేయలేదు. లైసెన్సు లేకుండా పరుగెత్తించినందుకు తిట్లు విడిగా రాస్తాను. ముందు ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబివ్వండి. పైలట్‌ను కూర్చోబెట్టి కొలిచానన్నారు. ఆ సీట్లో కూర్చున్నది ఎవరు?

మీ బావమరిది

తా.క.: ఎవరో నాకు తెలిసిపోయింది. అయినా మీ నోటితో వినాలని ఉంది.

*

బావమరిదికి,

ఎవరు కూర్చుంటారు? మీ అక్కే. పెళ్లయినప్పటి నుంచి నా ప్రతి ట్రయలుకూ నిలబడేది తనే. గౌను కుట్టినవాడు తనే తొడుక్కుని చూసుకుంటాడా? దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూడాలి. విమానాన్నీ అలాగే చూశాను. నీ ఉత్తరం చదివాక గానీ నాకు వెలగలేదు. సీటు విప్పి వదులు చేద్దామంటే, గుడ్డలో వదిలిన అంగుళాలు నువ్వు కత్తిరింపించావు, ఇనుములో నేను వదల్లేదు.

నిన్న ఆదివారం. ఊరంతా మైదానంలోనే ఉంది. రెడీమేడు ముందు వరసలో కుర్చీ వేసుకున్నాడు. ఎగరడానికి అనుమతి ఇచ్చే తనిఖీ ఆఫీసరు విమానం చూసి మెచ్చుకున్నాడు, నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. అప్పుడు మీ అక్క చేతిలోని పిన్నుల డబ్బా నాకిచ్చి, లైసెన్సు ఆయనకు చూపించి, “ఏమండీ, కాస్త జరగండి” అంది.

ఎక్కింది. అతికినట్టు సరిపోయింది. సగం మైదానం దాటకముందే లేచింది. ఎదురు షాపు కప్పు మీదుగా పోతుంటే, గుమ్మం ముందు నిలబెట్టిన బొమ్మల మీది టోపీలన్నీ ఎగిరి రోడ్డున పడ్డాయట. విమానం ఎగురును అని రాశాను గానీ, నడిపేదెవరో రాయలేదు కదా. రెడీమేడు ఆ బోర్డును పదేపదే చదివి ఒప్పుకున్నాడు. మా నాన్న బోర్డు నిలబడింది.

కానీ తను ఒక చుట్టు తిరిగి, నాకు చెయ్యి ఊపి, కొండ దాటి వెళ్లిపోయింది. ఇవాళ కూడా రాలేదు. ఆకాశం వైపు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. నా చొక్కా గుండీ ఊడింది. దారం ఏ సొరుగులో ఉంటుందో తెలియదు. ఇంత పెద్ద టైలరును, నా షాపులో దారం నాకు తెలియదు. నీ దగ్గరికి గానీ వచ్చిందా? నా మీద ఏమైనా అందా? వెంటనే రాయి.

ఇట్లు, మీ బావ

తా.క.: మొదటిసారి నా ఉత్తరం నేనే పోస్టు చేస్తున్నాను. పోస్టాఫీసు ఎక్కడుందో రెడీమేడును అడిగి తెలుసుకున్నాను.

*

శ్రీవారికి,

తమ్ముడు రాయబోతుంటే కలం నేనే లాక్కున్నాను. క్షేమంగా దిగాను. మీరు కంగారు పడ్డారని చదివి బాధపడ్డాను. కాస్త సంతోషం కూడా వేసింది, అది దాచడమెందుకు?

మీ కుట్టు గట్టిదండీ. అంత గాలిలో ఒక్క పోగు కదల్లేదు. దారి పొడుగునా రెక్క మీద దాన్నే చూసుకుంటూ వచ్చాను. మీ మీద కోపం అక్కడే కొంత పోయింది. కొంతే. ఇన్నేళ్లు పిన్నుల మధ్య నిలబడ్డదాన్ని, నాకు సరిపడేది మీరు కుట్టిచ్చింది ఇదొక్కటే, అదీ పొరపాటున.

దారం ఎడమ సొరుగులో, బటన్ల డబ్బా వెనక ఉంది.

ఒంటరిగా ఎగరడం అంత బాగాలేదు. అందుకని రెండు సీట్ల విమానానికి కంపెనీకి ఆర్డరు పెట్టాను. పెట్టెలు వస్తే దింపించుకోండి. ఈ ఉత్తరం అందిన మర్నాడు నేను వచ్చేస్తాను. ముందు సీటు కొలతలు మీ దగ్గర ఉన్నవే. వెనక సీటుకు మాత్రం మిమ్మల్ని కూర్చోబెట్టి కొలవాలి. టేపు నేను పట్టుకుంటాను.

ఇట్లు, మీ ఆవిడ

తా.క.: పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడుతుంది. మోకాళ్లు పట్టేస్తాయి. కదలకండి.