గంటకల్లా లేపమంది

మార్చి 3, ఆదివారం

నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మర్చిపోతాను. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత చేతికి పరుపులు కుట్టే దబ్బనం వచ్చింది, పెన్ను మళ్ళీ రాలేదు. ఇది ఎవరి కంటయినా పడితే మన్నించాలి.

ఈ నోట్‌బుక్ మా ఆవిడ ఇచ్చింది. నోట్లోంచి ఎలాగూ రాలవు, చేతిలోంచన్నా రెండు ముక్కలు రాలతాయేమో చూద్దాం అంది. ఏం రాయాలో తోచలేదు. ఇవాళ ఒక పాత పరుపు విప్పాను. దూది చెమ్మ పట్టి ఉంది. ఎండలో వేశాను.

మార్చి 5

దూది ఎండింది.

మార్చి 6, బుధవారం

అందరికీ ఆ సూది వేసి ఎనిమిది నెలలయింది. అది పడ్డవాళ్ళకి నిద్రతో పని లేదు. అలుపు రాదు, ఆవలింత రాదు. నాకు వెయ్యలేదు. గుండె బలం చాలదని డాక్టరు వద్దన్నాడు. మా ఆవిడకి వేశారు. మా అమ్మాయి హాస్పిటల్లో నర్సు. తన చేత్తోనే వాళ్ళమ్మకి వేసింది.

పరుపులు కుట్టేవాడికి ఇక పనేం ఉంటుంది. ఈ ఎనిమిది నెలల్లో కొత్తవి రెండే కుట్టాను. రెండూ నడుం నొప్పివాళ్ళకి. మిగతాదంతా విప్పడమే. మంచాలు అడ్డంగా ఉన్నాయని అమ్మేస్తున్నారు. పరుపులు మాత్రం ఎవరూ కొనరు కాబట్టి నా షాపు ముందు పడేసి పోతున్నారు.

మా ఆవిడ రోజుకి మూడుసార్లు ఇల్లు తుడుస్తుంది. ఎదురింటివాళ్ళకీ పక్కింటివాళ్ళకీ స్వెట్టర్లు అల్లేసింది. నాకు మూడు. ఇంకోటి మొదలుపెట్టబోతే, నాకున్నవి రెండే చేతులని చెప్పాను. అది నేను ఈ నెలలో మాట్లాడిన పెద్ద మాటట.

మార్చి 9, శనివారం, మధ్యాహ్నం

బస్సు డ్రైవరు వచ్చాడు. మా వీధి చివర ఉంటాడు. నిద్రతో పని లేకుండా పోయాక రెండు షిఫ్టులు తోలుతున్నాడు. షాపు వెనక గదిలో ఒక గంట పడుకోనిస్తావా బాబాయ్ అని అడిగాడు. అడుగుతూ తలుపు వైపు చూశాడు.

మీ ఇంట్లో పడుకోరాదా అన్నాను. అమ్మో, ఇంట్లో చూస్తే ఏదో పెద్ద జబ్బనుకుంటారు, మా ఆవిడయితే కలలో ఎవత్తెనో కలవడానికి వెళ్తున్నాడంటుంది అన్నాడు.

నీకు నిద్ర రాదుగా అన్నాను. అవసరం లేదంతే, కళ్ళు మూసుకుని గమ్మున పడుంటే వస్తుంది అన్నాడు. మరి ఎందుకు అన్నాను. ఎనిమిది నెలలుగా ఒకటే రోజు నడుస్తోంది బాబాయ్, పొద్దు కుంకుతుంది, తెల్లారుతుంది, రోజు మాత్రం మారదు, ఎక్కడా స్టాపు లేని రూట్లో వేసినట్టుంది అన్నాడు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దన్నాడు. గంట కాగానే నేను లేపాలి. సూది పడని నాలాంటివాళ్ళం నిద్ర చాలగానే లేస్తాం. సూది పడ్డవాళ్ళకి చాలడమనేది లేదు, అందుకని వాళ్ళంతట వాళ్ళు లేవరట. సూదితో ఇచ్చిన కాగితంలోనే రాశారట, పడుకోదలిస్తే గంటకి మించకూడదు, పక్కన లేపే మనిషి ఉండాలి అని. ఊరంతా మేలుకునే ఉన్నా, పక్కన కూర్చోమని అడగడానికి నేనే దొరికాను. ఎవరికీ చెప్పనని.

సరే అన్నాను. కాదనడం నాకు చేతకాదు.

అదే రోజు, సాయంత్రం

భయం వేసింది. రాస్తే తగ్గుతుందేమో.

మనిషి ఎలా నిద్రపోతాడో నాకు తెలుసు. ఒక పాత పరుపు చూపిస్తే, దాని మీద పడుకున్నవాడు ఏ పక్కకి ఒత్తిగిలతాడో, కాళ్ళు ముడుచుకుంటాడో చాపుకుంటాడో చెప్పేస్తాను. డ్రైవరు ఒక్కసారి కూడా కదల్లేదు. గురక లేదు. నోరు తెరుచుకోలేదు. ఎవరో దింపి వెళ్ళిన మూటలా ఉన్నాడు. గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ముక్కు దగ్గర పెట్టాను. ఆవిరి పట్టింది.

గంటకి పిలిచాను. లేవలేదు. భుజం పట్టి ఊపాను. లేవలేదు. నా గొంతు పెద్దది కాదు. ఎవరి మీదా అరిచినవాణ్ణి కాదు. పది నిమిషాలు అలాగే గడిచాయి. చివరికి చెవిలో, డ్యూటీ టైమయింది, జనం తిడుతున్నారు అన్నాను. కళ్ళు తెరిచాడు. నన్ను చూసి ఎవరు మీరు అన్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను.

తరవాత నవ్వాడు. నిన్న అనేది ఒకటి ఉంటుందని మర్చేపోయాను బాబాయ్ అన్నాడు. ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

మార్చి 14

మా వీధి టీచరమ్మ కూడా పడుకోవడానికి వచ్చింది. డ్రైవరు పంపాడట. పన్నెండు నిమిషాలు పట్టింది లేవడానికి.

మార్చి 20, బుధవారం

మళ్ళీ డ్రైవరు. ఈసారి ఇరవై నిమిషాలు. నీళ్ళు చల్లాల్సి వచ్చింది. ఒకటో సారి కంటే రెండో సారి లోతుకి పోతున్నారు. ఇక రావద్దని చెప్పాలనుకున్నాను. లోపల పదిసార్లు చెప్పుకుని, తీరా పైకి పరుపు రిపేరులో ఉంది అన్నాను. పరుపుకి రిపేరేంటి బాబాయ్, టైరా అన్నాడు. కానీ అర్థమయింది. ఇక రాను అన్నాడు.

మార్చి 22

మా ఆవిడకి తెలిసిపోయింది. టీచరమ్మ చెప్పిందట. తిడుతుందనుకున్నాను. నన్నెప్పుడు పడుకోబెడతావు అంది.

మార్చి 23, శనివారం

రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఎందుకో రాస్తాను.

నీకెందుకు నిద్ర అని అడిగాను. చేతిలో అల్లిక పక్కన పెట్టింది. నలభై ఒక్కేళ్ళు ఇద్దరం ఒక వేళకి పడుకున్నాం, ఒక వేళకి లేచాం, ఇప్పుడు రోజూ ఎనిమిది గంటలు నన్ను వదిలేసి ఎక్కడికో పోతున్నావు అంది. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను, లోపల సినిమా ఆడుతుంటే టిక్కెట్టు దొరక్క బయట నిలబడ్డదానిలా అంది. నువ్వు నవ్వుతావు, దేనికో తెలీదు, ఎవరితోనో గొణుగుతావు, ఎవరో తెలీదు, నాతో పొద్దంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడవు గానీ అక్కడ మాత్రం తెగ మాట్లాడతావయ్యా అంది.

ఆవిడ కూర్చుని చూస్తుందని నాకు తెలీదు. ఎనిమిది నెలలుగా రోజూ. ఒక్కోసారి ఊపిరి ఆడుతోందో లేదో తెలియదు, పోయావేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను అంది. నేను డ్రైవరుకి పెట్టిన అద్దం గుర్తొచ్చింది.

వద్దన్నాను. అమ్మాయిని అడుగుదాం అన్నాను. అది నా కాళ్ళకి తాడు కడుతుంది, నువ్వు నోరు మూసుకో అంది. అది నాకు ప్రత్యేకం చెప్పాలా అన్నాను. ఇద్దరం నవ్వాం. కానీ నేను లోపల నవ్వలేదు.

మార్చి 25

కళ్ళు మూస్తే కుర్చీ చప్పుడు వినిపిస్తోంది.

మార్చి 29, శుక్రవారం

వారం నుంచీ వద్దంటున్నాను. వారం నుంచీ అడుగుతోంది. డ్రైవరుకీ టీచరమ్మకీ ఉన్న చుట్టరికం నాకు లేదా అంటోంది. ఆవిడ చూస్తుందని తెలిశాక నాకు కన్ను అంటుకోవడం లేదు. నిన్న దబ్బనం వేలికి గుచ్చుకుంది. మధ్యాహ్నం నిలబడే తూలాను. ఆవిడ పట్టుకుంది.

సాయంత్రం సరే అన్నాను. ఒక్కసారే అన్నాను. ఒక్కసారే అంది. కొత్త చీర తీసి పెట్టుకుంది, ఊరెళ్తున్నట్టు.

మార్చి 31, ఆదివారం

2.05. షాపు వెనక గది. పడుకుంది. గంటకల్లా లేపు, మొహమాటపడి మెల్లగా పిలవకు అంది. భయంగా ఉందా అన్నాను. నువ్వున్నావుగా అంది. కళ్ళు మూసుకుంది. మూడు అయిదుకి లేపాలి. గడియారం ఎదురుగా పెట్టుకున్నాను.

2.20. కదల్లేదు.

2.30. ఊపిరి ఉంది. నేను డైరీ రాస్తూ మేలుకుంటున్నాను.

2.40. ఎండ గుమ్మం దాకా వచ్చింది. గోడవారనున్న దూది మూటకి ఆనుకున్నాను. దూది మెత్తగా ఉం

అదే రోజు, రాత్రి, హాస్పిటల్

నిద్రపోయాను.

కళ్ళు తెరిచేసరికి ఆరు కావస్తోంది. గుమ్మం దగ్గర ఎండ లేదు. ఆవిడ ఎలా పడుకుందో అలాగే ఉంది, చీర కుచ్చిళ్ళు కూడా చెదరలేదు. పిలిచాను, ఊపాను, నీళ్ళు పోశాను, చెంప మీద కొట్టాను. నలభై ఒక్కేళ్ళలో ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అప్పుడు అరిచాను. నాలో అంత గొంతుందని నాకే తెలీదు. డ్రైవరు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. తనే ఎత్తుకుని తీసుకొచ్చాడు.

అమ్మాయి వచ్చింది. ఎంతసేపు పడుకుంది నాన్నా అని అడిగింది. గంటకే లేపాను, లేవలేదు అన్నాను.

ఎందుకలా అన్నానో తెలీదు. నోటికి అదే వచ్చింది. గంటేగా, గంటకేం కాదు, రేపటికి లేస్తుంది అని నాకు ధైర్యం చెప్పింది. నా వీపు నిమిరింది.

ఏప్రిల్ 1, సోమవారం

లేవలేదు. దీనికి మందు లేదని డాక్టరు చెప్పాడు. మాట్లాడుతూ ఉండండి, తెలిసిన గొంతు ఆగకుండా వినిపిస్తే కొందరు తిరిగొస్తున్నారు, ఎక్కువసేపు పడుకున్నవాళ్ళలో మాత్రం తక్కువమంది అన్నాడు. గంటేగా డాక్టర్ అంది అమ్మాయి.

నన్ను పక్కన కూర్చోబెట్టారు. ఏం మాట్లాడను. ఎండగా ఉందన్నాను. డ్రైవరు అడిగాడన్నాను. షాపు మూసే ఉందన్నాను. అక్కడితో అయిపోయాయి. అమ్మాయి గుమ్మంలో నిలబడి, మాట్లాడు నాన్నా, దయచేసి మాట్లాడు అంటోంది. భార్య పోతుంటే కూడా మాటలు దొరకని మనిషి ఉంటాడా.

ఏప్రిల్ 2

నోట్‌బుక్ గుర్తొచ్చింది. ఇందులో మాటలున్నాయిగా. మొదటి పేజీ నుంచి చదివి వినిపించాను. మూడు స్వెట్టర్ల దగ్గర అమ్మాయి నవ్వి కళ్ళు తుడుచుకుంది. సినిమా టిక్కెట్టు దగ్గర నవ్వలేదు. రెండు నలభై దాకా వచ్చి ఆగాను. ఇంతే అన్నాను. తరవాత పేజీలో కూడా ఏదో రాసి ఉందిగా అంది. చూపు ఆనడం లేదన్నాను.

నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ అక్కడే ఆగాను. నిజం తెలిస్తే అమ్మాయి నా మొహం చూడదు. తెలియకపోతే రోజూ రేపటికి లేస్తుందని ఎదురుచూస్తుంది. రెండూ భయమే.

ఏప్రిల్ 3, బుధవారం

ఇవాళ ఆ పేజీ చదివాను. మా ఆవిడకేసి చూస్తూ చదివాను, అమ్మాయికేసి చూడలేక. నిద్రపోయాను అన్న మాట దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టి ఆ మాట గట్టిగా చదివాను. నేను చెప్పిన అబద్ధం కూడా చదివాను.

అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్ళింది. దాని భుజాలు కదిలాయి. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి వచ్చి, ఆ సూది వేసింది నేను నాన్నా అంది. అంతే. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. నువ్వు వారం నుంచి సరిగా పడుకోలేదు, కాసేపు పడుకో, నేను పిలుస్తుంటాను అంది.

వద్దమ్మా, నేనే పిలుస్తాను అన్నాను.

ఏప్రిల్ 4

రాసిందంతా నీకు పదకొండుసార్లు చదివాను. ఇంకేం మిగల్లేదు. అందుకని ఇది రాస్తున్నాను, రాసి ఇది కూడా చదువుతాను. అమ్మాయి ఇక్కడే ఉంది. గంట ఎప్పుడో దాటింది, తెలుసు. నా వల్లే దాటింది. నేను చెప్పేది ఇదే, ఇంతకంటే మాటలు నాకు రావు. తప్పులుంటే తరవాత తిడుదువుగాని. విన్న వెంటనే జవాబివ్వు. ఆలస్యం చెయ్యకు.