పెనుకొండ నాటకానికి నేను పెట్టె తొక్కబోతున్నానక్కా

హిందూపురం,
ఆదివారం సాయంత్రం.

గాండ్లపెంటలో మా అందరికీ పెద్దదిక్కైన సుబ్బక్కకు తమ్ముడు నాగప్ప దణ్ణం పెట్టి రాసుకుంటున్నది. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, కోడలు, పిల్లలు, మొన్న కాలు బెణికిన ఆవు, అందరూ బాగున్నారని తలుస్తాను. బావకు జ్వరం తగ్గిందా? ఆ జ్వరం సంగతి నువ్వు ఫోన్లో చెబితే నేను "సంతోషమక్కా, చానా సంతోషం" అన్నానని కోడలు మెసేజి పెట్టింది. నువ్వు అలిగి పది రోజులైంది. నేను అలా అనడానికి ఒక కారణం ఉంది. అది ఫోన్లో చెప్పుకునేది కాదు కాబట్టే ఈ ఉత్తరం. నిదానంగా చదువు. కంగారేమీ లేదు, నేను బాగానే ఉన్నాను.

ముందు ఇక్కడి సంగతులు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పగటి వాచ్‌మన్ పని. లారీ వస్తే గేటు తీయాలి, పోయాక వేయాలి. ఎనిమిది నెలల్లో రెండూ బాగా నేర్చుకున్నాను. డ్రైవర్లకు నా పేరు తెలియదు, "ఏయ్ గేట్" అని పిలుస్తారు. పొద్దున పూట చలిగాలి ఎక్కువ. హోటలు సాంబారులో బెల్లం వేస్తారు, అందుకని గదిలోనే వండుకుంటున్నాను. సంగటి కెలకడం వచ్చింది గానీ, ఒక్కడినే కూర్చుని తినడం ఇంకా రాలేదు. వేయించిన చెనక్కాయలు కాసిని బావ చేత పంపించు.

ఇక అసలు సంగతి. వచ్చే ఆదివారం దాటాక మన వైపు వరుసగా మూడు రోజులు కార్యక్రమాలు ఉన్నాయి. మొదటి రోజు హిందూపురంలో పాటకచేరి, రెండో రోజు ధర్మవరంలో చెక్కభజన, మూడో రోజు పెనుకొండలో పద్యనాటకం. కరపత్రం ఇందులో మడిచి పెట్టాను. మూడో రోజు కింద చూడు, "హార్మోనియం: గాండ్లపెంట నాగప్ప" అని ఉంటుంది. ఆ అక్షరాలు చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఇదంతా నా నోటి వల్ల వచ్చింది. స్టేషను ముందు టీ కొట్లో కూర్చుని, మా కాలపు నాటకాలు ఎలా ఉండేవో ఎవరికో చెబుతున్నాను. పక్కన టీ తాగుతున్న మనిషి ఇటు తిరిగాడు. ఆయన ధర్మవరం ఓబులేసు. పట్టుచీరలు నేస్తాడు, ఈ నాటకంలో రాజు వేషం ఆయనదే.

"ఏమప్పా, పెట్టె వాయిస్తావా నువ్వు? మా హార్మోనిస్టు బెంగళూరికి పనికి పాయ. నాటకం ఉండాది, పెట్టె ఉండాది, వాయించే మనిషే లేడు."

"వాయించేదేముండాదబ్బా! కాళ్ళతో తొక్కితే వేళ్ళు వాటంతట అవే పోతాయి" అన్నాను.

పన్నెండేళ్ళుగా పెట్టె ముట్టని వాడు అనవలసిన మాట కాదు. నాకు ఎవరూ నేర్పలేదని నీకు తెలుసు. భజన మందిరం ఊడ్చే పని నీది, తాళంచెవి నీ దగ్గర ఉండేది, అక్కడి పెట్టె మీద నేనే తడుముకున్నాను, అలా వచ్చింది నాకు హార్మోనియం. సరిగమలు ఈ రోజుకీ నా వేళ్ళకు వచ్చు, నోటికి రావు. కానీ అక్కా, గేట్ అని పిలిపించుకునే వాణ్ణి ఎవరో పెట్టె వాయిస్తావా అని అడిగేసరికి, లేదని చెప్పడానికి మనసు రాలేదు.

ఇప్పుడు కారణం చెబుతాను. నా కుడి చెవి పోయి రెండేళ్ళయింది. ఎడమ చెవికి వినబడుతుంది గానీ, దూదిలోంచి వచ్చినట్టు వినబడుతుంది. ఆ రోజు ఫోన్లో జ్వరం అన్న మాటే నాకు అందలేదు. లారీ హారను వినబడుతుంది కాబట్టి ఉద్యోగం సాగుతోంది. పద్యంలో రాగం ఎక్కడ మలుపు తిరిగిందో వినబడకపోతే హార్మోనిస్టు ఎందుకు?

కిందటి ఆదివారం ప్యాసింజరు బండిలో ధర్మవరం వెళ్ళాను. ఓబులేసు ఇంట్లోనే రిహార్సలు. ఆయన పద్యం ఎత్తుకున్నాడు, నేను తొక్కాను. అంతా బ్రహ్మాండంగా పోతోందని అనుకున్నాను. మూలన పట్టు కండెలు చుడుతున్న ఆయన భార్య రంగమ్మ చేతిపని ఆపేసింది.

"ఏం మామా, ఆయన ఒక దోవన పోతాండాడు, నువ్వొక దోవన పోతాండావు. మీరిద్దురూ యాడ కలిసేది?"

ఇక దాచి లాభం లేదని నా చెవి సంగతి చెప్పేశాను. వేరే మనిషిని చూసుకోమన్నాను. ఓబులేసు నవ్వాడు. అది ఏడ్చే ముందు నవ్వే నవ్వు.

"మామా, నేను ఇరవై ఏండ్లు మరమగ్గాల షెడ్డులో పని చేసినోణ్ణి. ఆ మోతకు నా చెవులు యాడ మిగిల్నాయి? నేను శ్రుతి తప్పితే పెట్టె పట్టుకుంటుందిలే అని నీ మీద ధైర్యం పెట్టుకున్యా."

నేను ఆయన్ని నమ్ముకుంటే ఆయన నన్ను నమ్ముకున్నాడు! రంగమ్మే మొగుడి వైపు తిరిగి మళ్ళీ నోరు తెరిచింది.

"మగ్గం మీద పోగు తెగితే చెవితో వింటావా నువ్వు? చేతికి తెలిసిపోదా?"

ఆ మాటతో ఓబులేసు లేచి వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను ఆయన గొంతు మీద నరాలు చూస్తూ తొక్కాను. చెక్కలో అదురు చేతికి తెలుస్తుందట. స్టేజీ మీద పెట్టె ఎలాగూ పక్కనే ఉంటుంది, రాజు దాని మీద చెయ్యి వేసి నిలబడితే దర్జా అనుకుంటారు. ఈ రోజు మళ్ళీ ధర్మవరం వెళ్ళి మూడుసార్లు చేశాం. ఒకసారి కలిశాం. రెండుసార్లు కలవలేదు. మిగిలింది ఒక్క ఆదివారం. తప్పుకోవడానికి దారి లేదు, కరపత్రం మూడు ఊళ్ళ గోడలకూ ఎక్కింది. నిజం చెబితే, తప్పుకోవాలనీ లేదు.

బావకు, ఊళ్ళో పెద్దలకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ఆశీస్సులు. నా చెవి సంగతి నీ దగ్గరే ఉంచుకో.

ఒక్క కోరిక. కదిరిలో బస్సు మారి నాటకానికి రా. పద్యం బాగుంటే జనం "వన్స్‌మోర్" అని కేకలు పెడతారు, ఆ పద్యమే మళ్ళీ పాడాలి. తొక్కినన్నాళ్ళూ ఆ కేక కోసమే పెట్టె తొక్కాను. ఇప్పుడు వాళ్ళు అరిచినా మా ఇద్దరికీ అది మామూలు గోలలాగే ఉంటుంది. నువ్వు ముందు వరసలో, నా ఎదురుగా కూర్చో. జనం అడిగితే చెయ్యి ఎత్తు, మళ్ళీ మొదలుపెడతాం. అడగకపోతే మాత్రం నా మీద జాలితో ఎత్తొద్దు. చెయ్యి ఒళ్ళోనే ఉంచుకుని, నన్ను చూస్తూ ఉండు చాలు.

నీ దీవెన కోసం ఎదురుచూసే తమ్ముడు,
నాగప్ప