చుక్కలు రాలిన చేపలు

కోరుట్ల, మంగళవారం రాత్రి

నాకు దేవుడంటే లెక్కలేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. నేనడిగింది చేపలకు మందు వేయనివ్వమని మాత్రమే.

దుబాయి నుంచి వచ్చాక బాపు ముచ్చటపడి పెట్టుకున్న ఉప్పునీళ్ల అక్వేరియంలో మూడు చేపలకూ ఒళ్లంతా తెల్లచుక్కలు లేచాయి. అవి పురుగులని చెప్పాను. "అమ్మతల్లి పోసింది బిడ్డా, మందులు ముట్టియ్యద్దు" అని నానమ్మ అద్దానికి వేపమండలు కట్టింది. పసుపుపచ్చ చేప నిన్న చచ్చిపోయింది.

ఈరోజు మిగిలిన రెండింటి చుక్కలూ రాలిపోయాయి.

"సూసినవా, తల్లి సల్లవడ్డది!" అని నానమ్మ బెల్లం పంచింది.

"డిగ్రీల ఏం నేర్పిండ్రే నీకు?" అని బాపు నవ్వాడు.

ఆ పురుగు చేపను వదిలి ఇసుకలో చేరిందంతే. అక్కడ వందలుగా పెరిగి మళ్లీ చేపల మీదికే వస్తుంది. అప్పుడు నా నోటిదురుసు వల్లే తల్లి తిరిగొచ్చిందంటారు. నారింజ చేప ఇప్పటికీ రాయికి ఒళ్లు రుద్దుకుంటూ ఎగశ్వాస తీస్తోంది. అది రేపటిదాకా బతుకుతుందో లేదో...

పొద్దున్నే రెండింటినీ వేరే టబ్బులోకి మార్చి రాగి మందు వేస్తాను. పట్టుకోవడానికి చేప దొరక్క పురుగు చచ్చేదాకా, రెండున్నర నెలలు, అక్వేరియం ఖాళీగానే ఉంటుంది.