ఫ్రిజ్‌లో ఫోను

వదినా,

అన్నయ్య ఫోను పంపమని మీరు మూడుసార్లు రాశారు. ఆలస్యం పోస్టుది కాదు, నాది.

అన్నయ్య పోయిన రోజు దాన్ని కారులో, ముందు అద్దం కింద మరిచిపోయాను. మర్నాడు మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి కాలింది. చెయ్యి చన్నీళ్లలో, ఫోను ఫ్రిజ్‌లో పెట్టాను. బాగుచేసే అతను విప్పి చూసి, "నీడన వదిలేస్తే అదే చల్లారేదమ్మా. ఇప్పుడు లోపలంతా చెమ్మ పట్టేసింది. ఇక ఏమీ రాదు" అన్నాడు.

మీరు రాలేకపోయిన ఆ ఆఖరి వారంలో అన్నయ్య మీకోసం చెప్పి దాచిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి. "ముందు మీ వదినే వినాలి" అన్నాడు, అందుకే నేనూ వినలేదు.

నాకు ఏడుపు రావడం లేదు. ఫోను తెచ్చి మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టాను. రోజూ పాలు తీసేటప్పుడు పక్కకి జరుపుతున్నాను.

మీ ఆడపడుచు